మేడ్ టు మెజర్ పనిలో ట్రై-ఆన్ కోట్ల సెట్: ఏళ్లపాటు వాడాక

మేడ్ టు మెజర్ అంటే ఫ్యాక్టరీ తన సిద్ధ ప్యాటర్న్‌ను (కోత నమూనాను) కస్టమర్ ఒంటికి తగ్గట్టు మార్చి కుట్టడం. ఆ షోరూములో కొలతలు తీసే స్టైల్ కన్సల్టెంటుకు టేపు కంటే ఎక్కువ పనికొచ్చేది ట్రై-ఆన్ సెట్. ఫ్యాక్టరీ తన అసలు ప్యాటర్న్ ప్రకారం కుట్టి పంపే కోట్లు, ప్యాంట్లు ఇవి. ఛాతీ 36 నుంచి 50 దాకా, స్లిమ్, రెగ్యులర్ ఫిట్లలో వస్తాయి. యూరప్ నంబరు వేసి ఉంటే అందులోంచి 10 తీసేస్తే మన ఇంచుల సైజు: 50 అంటే 40. కస్టమర్‌కు దగ్గరి సైజు తొడిగి, పిన్నులు పెట్టి, ఎక్కడ ఎంత తేడా ఉందో అదొక్కటే ఫ్యాక్టరీకి రాస్తాం. హైదరాబాద్‌లో రిసెప్షన్ సూట్లకూ బంద్‌గలాలకూ ఆఫీసు సూట్లకూ దీన్ని వాడిన మీదట నా అభిప్రాయం: ఒక్క టేపుతో తీసిన కొలతల కంటే ఇది చాలా నమ్మకం. అయితే చూసే వరస తప్పితే కోటు మొత్తం పాడవుతుంది.

టేపు చుట్టుకొలత చెబుతుంది, మనిషి నిలబడే తీరు చెప్పదు. ఛాతీ 40 ఉన్న ఇద్దరిలో ఒకరు ముందుకు వంగి నిలబడతారు, ఇంకొకరు ఛాతీ విరుచుకుని నిలబడతారు. అవే అంకెలతో ఇద్దరికీ కుడితే ఒక్కరికీ కుదరదు.

సైజు ఎంచుకోవాల్సింది భుజాన్ని బట్టి. చెయ్యి అతికిన చోటు నుంచి బట్ట గుంట పడకుండా నిటారుగా దిగాలి. భుజం కుదిరితే ఛాతీలో 2 సెంటీమీటర్ల తేడా ఆర్డర్‌లో సర్దుకోవచ్చు. ఛాతీ కుదిరిందని భుజం వదిలేస్తే తర్వాత ఆల్టరేషన్‌లో సరిచేయడం దాదాపు కుదరదు. జేబులోని ఫోను, పర్సు, తాళాలు తీయించాలి. లోపల మామూలు షర్టు, కాళ్లకు ఆ సూటుతో వేసుకునే బూట్లు ఉండాలి.

భుజం తర్వాత బ్యాలెన్స్, అంటే ముందు వెనుకల పొడవు పొందిక. మధ్య గుండీ పెట్టించి పక్క నుంచి చూడండి. వంగి నిలబడే మనిషికి కాలర్ మెడను వదిలేసి పైకి లేస్తుంది, వెనక అంచు ఎగురుతుంది, వెంట్లు (వెనక అంచు చీలికలు) విచ్చుకుంటాయి. వెనక పొడవు పెంచాలి. విరుచుకుని నిలబడే మనిషికి కాలర్ కింద వీపు మీద అడ్డంగా మడత పడుతుంది, ముందు అంచు పైకి లేస్తుంది. వెనక తగ్గించి ముందు పెంచాలి. సాధారణంగా అర నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు సరిపోతుంది. కాలర్ కింది అడ్డ మడత భుజాలు వాలు లేకుండా చదరంగా ఉన్నవాళ్లకూ పడుతుంది, అందుకే పక్క నుంచి చూడకుండా తేల్చకూడదు. భుజాల్లో ఒకటి, ఎక్కువగా కుడివైపుది, కాస్త దిగి ఉంటుంది. ఆ పక్క మెడ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలు మడత కనిపిస్తే ఆ భుజం ఒక్కటే అర నుంచి ఒక సెంటీమీటరు దించమని రాయాలి. రెండు వైపులా రాస్తే రెండో భుజం పాడవుతుంది.

ఇవయ్యాకే నడుము. బ్యాలెన్స్ సరిచేయకుండా నడుము దగ్గర పిన్ను పెడితే వీపు మడత తాత్కాలికంగా మాయమవుతుంది, కుట్టి వచ్చాక మళ్లీ తేలుతుంది. కోత తప్పని కస్టమర్ అనుకుంటాడు, నిజానికి తప్పు మనం నింపిన ఆర్డర్ ఫారంలో ఉంది. గుండీ దగ్గర సన్నని గీతలు పర్వాలేదు. లాపెల్ (ఛాతీ మీద మడిచి ఉండే కోటు అంచు) ఉబ్బి బయటికి వంగితే మాత్రం బిగుతే. కొలిచేటప్పుడు అందరూ పొట్ట లోపలికి పీల్చుకుంటారు కాబట్టి మాటల్లో పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి.

ఫారంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది సగం కొలత. కొన్ని ఫ్యాక్టరీలు నడుమును పరచిన బట్ట మీద సగంగా తీసుకుంటాయి. అక్కడ 2 సెంటీమీటర్లు అని రాస్తే చుట్టూ 4 పెరుగుతుంది. ఆ గడి సగానిదా మొత్తానిదా అన్నది మొదటి ఆర్డర్‌కు ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

చేతుల విషయంలో పొడవు కంటే ముందు తిరుగుడు చూడాలి. చేతులు ముందుకు వేలాడే మనిషికి స్లీవ్ వెనక వైపు మడతలు పడతాయి, దాన్ని ముందుకు తిప్పమని రాయాలి. పొడవు షర్టు కఫ్ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు కనిపించేలా ఉండాలి. చేతి అంచున నిజంగా తెరుచుకునే కాజాలు అడిగితే వాటిని ట్రయల్ అయ్యేదాకా కోయించకండి. కోశాక కింద నుంచి పొడవు మార్చలేరు, భుజం దగ్గర విప్పాల్సిందే.

ప్యాంటుకు కూర్చోబెట్టి చూడటమే అసలు పరీక్ష. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న నడుము కూర్చుంటే 2, 3 సెంటీమీటర్లు అడుగుతుంది.

సెట్ ఎక్కడ మోసం చేస్తుందంటే బట్ట దగ్గర. అది మామూలు బరువు ఊలుతో కుట్టినది, మీటరుకు 260, 280 గ్రాముల ధోరణిలో. కస్టమర్ వెల్వెట్ ఎంచుకుంటే దాని మందం లోపలే చోటు తింటుంది, ఛాతీలో కనీసం ఒక సెంటీమీటరు కలపాలి. పల్చటి సూపర్ 150 బట్ట మీద ప్రతి చిన్న మడతా బయటపడుతుంది. సూపర్ అంకె చెప్పేది ఊలు పీచు సన్నదనమే, మన్నిక కాదు: 100 అంటే ఎక్కువలో ఎక్కువ 18.75 మైక్రాన్లు, 150 అంటే 16.25. రోజూ ఆఫీసుకు వేసుకునేవాళ్లకు 100, 110 చాలు. గళ్ల బట్టైతే 58 ఇంచుల పన్నాలో సూటుకు మామూలుగా పట్టే 3.25 మీటర్లకు పావు నుంచి అర మీటరు అదనంగా చెప్పాలి, గళ్లు కలపడానికి.

పెళ్లికొడుకు బంద్‌గలా విషయంలో సెట్‌ను పూర్తిగా నమ్మను. మూసిన కాలర్‌కు మెడ చుట్టూ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వదులు ఉండాలి, ఎంబ్రాయిడరీ గట్టిగా ఉంటే ఇంకొంచెం. కోటు ఒంటి మీద ఉండగానే, పెద్దల కాళ్లకు మొక్కినట్టు వంగి దండం పెట్టించి చూడండి. వీపు పట్టేస్తే వెనక వెడల్పు పెంచాలి. చంక దించితే చెయ్యి ఎత్తినప్పుడు కోటు మొత్తం పైకి లేస్తుంది. పెళ్లికి ఎనిమిది వారాల ముందు ఆర్డర్ పెట్టిస్తే ఒక ట్రయల్, ఒక సవరణ తీరిగ్గా పడతాయి.

ఇక మన్నిక. రెండు మూడు సీజన్లు గడిచేసరికి ఎక్కువ వాడే 40, 42 కోట్ల భుజం ప్యాడ్లు నలిగి, చంకలు సాగుతాయి. అప్పుడు కోటు చూపే వదులు కస్టమర్‌ది కాదు, సెట్‌ది. ఆరు నెలలకోసారి ప్రతి కోటునూ పరిచి భుజం, ఛాతీ, చెయ్యి కొలిచి ఫ్యాక్టరీ చార్టుతో పోల్చి, ఒక సెంటీమీటరు దాటితే మార్చండి. వెడల్పు హ్యాంగర్లు తప్పనిసరి, సన్నటి వైరు హ్యాంగర్ భుజాన్ని చెడగొడుతుంది.

చిన్న షాపు పెట్టేవాళ్లు మొత్తం సెట్ కొననక్కర్లేదు. రెగ్యులర్ ఫిట్‌లో 38, 40, 42, 44, స్లిమ్‌లో 36, 38, 40 ఉంటే ఎక్కువమందికి సరిపోతాయి. మిగిలిన డబ్బుతో పొట్ట ఉన్నవాళ్ల ప్యాటర్న్‌తో కుట్టిన 42, 44 విడిగా తెప్పించుకోండి. మామూలు ప్యాటర్న్ కోటును వాళ్ల మీద ఎంత పిన్ను చేసినా ముందు అంచులు విచ్చుకునే ఉంటాయి.