ఆకు పసుపెక్కిందని ఎరువుల షాపుకు పోయేముందు ఇది చదవండి

ఆరు వేల నాలుగు వందలు పోగొట్టుకుని రాస్తున్నాను. మదనపల్లె చుట్టుపక్కల టమాటా పెట్టినవాళ్లు, డ్రిప్పు మీద ఏ కూరగాయ వేసినవాళ్లయినా ఒకసారి చూడండి. షాపు పేరు రాయను. ఇలాంటి షాపు ఆ ఒక్క ఊళ్లోనే లేదు.

రెండెకరాల టమాటా, మట్టి మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు, డ్రిప్పు. నాటిన నలభై రోజులకు కింది ఆకులు పసుపెక్కడం మొదలైంది. ఫోన్లో ఫోటో తీసుకుని పోయాను. షాపాయన దాన్ని చూశాడో లేదో, "నత్రజని లోపం అన్నా, యూరియాతో అయ్యే పని కాదు" అని లీటరు సీసాలు నాలుగు, పాతిక కిలోల కాల్షియం నైట్రేట్ బస్తా ఒకటి దింపించాడు. ఒక్కో సీసా రెండు బస్తాల యూరియాతో సమానమట. మోటారు రోజుకెన్ని గంటలు ఆడుతోందని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా పాప లెక్క వేసి చూపించింది. యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో ఇరవై కిలోల పైమాటే, రెండు బస్తాలంటే 41 కిలోలు. లీటరు సీసాలో ఎంత చిక్కగా నింపినా అర కిలో నత్రజని పట్టదు! 266 రూపాయల యాభై పైసల బస్తాను కాదని 1,100 పెట్టి కొన్న సీసా అది. ముందువైపు పచ్చరంగులో నత్రజని అని పెద్దక్షరాలు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో బయోస్టిమ్యులెంట్ అని ఉంది. నత్రజని ఎంత శాతమో ఎక్కడా లేదు. బయోస్టిమ్యులెంట్ అంటే మొక్కను ఉత్తేజపరిచే మందు, అంతేగానీ ఎరువు కాదు. వాటిని కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు కాబట్టి, ఆ ఉత్తర్వు ప్రకారం అనుమతి ఉన్నదైతే అమ్మడం తప్పేమీ కాదు. యూరియాకు బదులని చెప్పి అమ్మడమే మోసం.

అసలు దెబ్బ బస్తాతో తగిలింది. కాల్షియం నైట్రేట్, 12-61-0 (నీళ్లలో కరిగే భాస్వరం ఎరువు) రెండూ ఒకే డ్రమ్ములో కలిపి వెంచురికి (ఎరువు నీళ్లను డ్రిప్పులోకి పీల్చే గొట్టం) పెట్టమన్నాడు షాపాయన. కలిపాను. కట్టెతో తిప్పుతుంటే నీళ్లు సున్నం కొట్టే బకెట్టులా తెల్లబడ్డాయి. కరుగుతుందిలే అనుకుని వదిలేశాను. కాల్షియం, భాస్వరం చిక్కగా కలిస్తే కరగని పొడిగా విరిగిపోతాయి. ఆ పొడి డ్రిప్పర్లలో కూర్చుంది. వారానికి సాలులో సగం చెట్లకు చుక్క పడటంలేదు, మిగతా సగం బురదలో ఉన్నాయి. నీళ్లు అలా ఎగుడుదిగుడైతే కాల్షియం కాయదాకా చేరదు. కాయల అడుగున నల్లమచ్చ వచ్చింది. మండీలో ఆ బాక్సులను పక్కకు తోసేశారు. కాల్షియం కొని తెచ్చి కాల్షియం లోపం తెప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పక్క చేను పెద్దాయన వచ్చి మల్చింగ్ షీటు కొంచెం లేపి, వేలు గుచ్చి చూశాడు. రెండో కణుపుదాకా దిగిపోయింది. "నీళ్లు ఎక్కువై వేరు ఊపిరాడక చస్తా ఉంటే బలం మందంటావేంరా" అన్నాడు. మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టి ఉంది. కరెంటు వస్తే చాలు, నేనున్నా లేకున్నా నీళ్లు పోతాయి. యూరియా గానీ నైట్రేటు గానీ మట్టిని పట్టుకుని ఉండేవి కావు, నీళ్లతోపాటే వేరు అందుకోలేనంత లోతుకు జారిపోతాయి. అంటే అంతకుముందు నేను వేసిన యూరియాను నా మోటారే తోసేసింది. మూడు రోజులు నీళ్లు ఆపి, తర్వాత రోజుకు గంట లోపే ఇస్తే పదిహేను రోజుల్లో కొత్త చిగురు పచ్చగానే వచ్చింది. సీసా మూత తియ్యలేదు.

కాబట్టి షాపుకు పోయేముందు మట్టి పిడికిట పట్టి చూడండి. నీళ్లు కారితే మీకు కావాల్సింది బస్తా కాదు. కొనాల్సే వస్తే, బస్తా మీద నత్రజని శాతం అంకెల్లో ఉందో లేదో వెతకండి (కాల్షియం నైట్రేట్‌కైతే 15.5 ఉండాలి), బ్యాచ్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. నేను తీసుకున్నది తెల్ల చీటీ. వ్యవసాయాధికారి దగ్గరికి పోతే, బిల్లు లేదు, బస్తా విప్పేశావు, శాంపిల్ ఎలా తీయమంటావని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ రెండు ఎరువులు కలిపేముందైనా ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు చిటికెడు వేసి అరగంట ఉంచండి. తెల్లబడితే ఆ రెండూ ఒకే రోజు డ్రిప్పులోకి పోకూడదు. ఎరువు పెట్టేటప్పుడు ముందు మామూలు నీళ్లు, మధ్యలో ఎరువు, చివర పది పదిహేను నిమిషాలు మళ్లీ మామూలు నీళ్లు. పైపులు కడగడానికి అది చాలు. అంతకు మించి వదిలితే ఎరువు కిందికి పోతుంది.

లేటరల్స్‌కు (సాళ్ల వెంట పోయే సన్న డ్రిప్పు పైపులు) యాసిడ్ పెట్టించి కడిగిస్తే ముక్కాలు వంతు డ్రిప్పర్లు తెరుచుకున్నాయి, మిగతావి మార్చాను. నాలుగు సీసాలూ సీలు విప్పనివే అయినా షాపాయన రెండే వెనక్కి తీసుకున్నాడు, అదీ డబ్బు ఇవ్వకుండా, ఖాతాలో రాసుకుంటానని. మిగతా రెండూ షెడ్డులోనే ఉన్నాయి. వెనక లేబుల్ ఫోటో కావాలంటే అడగండి, పంపిస్తాను.