డ్రయ్యర్ ఆవిరికి దారి: గోడకు రంధ్రమా, కిటికీయా, గొట్టం లేని యంత్రమా?

హనుమకొండలో మే నెల ఎండకు డ్రయ్యర్‌తో పనే ఉండదు. దండెం మీది దుప్పటి గంటలో ఆరిపోతుంది. దాని అవసరం తెలిసేది జూన్ నడుమ నుంచి సెప్టెంబరు దాకా, ముసురు పట్టి బట్టలు మూడు రోజులైనా ఆరక ముక్కవాసన కొట్టే రోజుల్లోనే. అయిదు కిలోల బట్టలు మిషన్‌లో పిండిన తరువాత కూడా దాదాపు మూడు లీటర్ల నీటిని పట్టుకొని ఉంటాయి. వెంట్ డ్రయ్యర్ ఆ నీటిని ఆవిరి చేసి వెనుక గొట్టం గుండా వదులుతుంది కనుక, ఆ గొట్టాన్ని గదిలోనే వదిలేస్తే బట్టల తడి గోడల నిమ్ముగా మారుతుంది.

సొంత ఇల్లు ఉండి, డ్రయ్యర్ పెట్టే చోటు బయటి గోడను ఆనుకొని ఉంటే గోడకు రంధ్రం చేయించడమే మేలని నా అభిప్రాయం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో గొట్టం వంపు లేకుండా నేరుగా బయటపడుతుంది. గొట్టం ఎంత పొట్టిగా ఉంటే గాలి అంత ధారాళంగా పోతుంది. గొట్టం వ్యాసం నాలుగు అంగుళాలు కాబట్టి రంధ్రం నాలుగున్నర ఉంటే చాలు. అయితే ఈ పనిని ఉలి, సుత్తె పట్టిన మనిషికి కాక కోర్ కటింగ్ (యంత్రంతో గోడను గుండ్రంగా కోయడం) చేసేవారికి అప్పగించాలి. వంటింటి చిమ్నీలకు రంధ్రాలు చేసేది వారే. ముందు సన్నని డ్రిల్లుతో ఆ వైపుకు దారి చూసుకొని, సగం లోపలి నుంచి, సగం బయటి నుంచి కోస్తే ప్లాస్టరింగు పెచ్చులూడదు. పిల్లరు, బీము, గోడలో దాచిన కరెంటు పైపు ఎక్కడున్నాయో తెలియకుండా గుర్తు పెట్టరాదు. రంధ్రం బయటి వైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి, లేకపోతే జడివాన నీరు లోపలికి నడుస్తుంది. పైన సజ్జ ఉంటే మరీ మంచిది. బయటి మూతకు డ్రయ్యర్ గాలి వచ్చినప్పుడు తెరుచుకొని, ఆగగానే పడిపోయే రెక్క ఉండాలి. పావురాల భయంతో చాలామంది జాలీ బిగిస్తారు, కానీ బట్టల నూగు అందులో పేరుకొని దారి మూసుకుపోతుంది. ఆ నూగు ఇట్టే అంటుకుంటుంది కూడా. అందుకే ప్లాస్టిక్ గొట్టం, లోపలికి పొడుచుకువచ్చే స్క్రూలు వద్దు. నున్నని లోహపు గొట్టాన్ని అల్యూమినియం టేపుతో అతికించాలి.

అద్దె ఇంట్లో గోడ కోస్తామంటే యజమాని ఒప్పుకోడు. అక్కడ కిటికీ లేదా వెంటిలేటర్ అద్దం ఒకటి తీసి, ఆ కొలతకు అల్యూమినియం రేకు బిగించి, రేకులో రంధ్రం చేసుకోవచ్చు. ఖాళీ చేసే రోజున అద్దాన్ని తిరిగి పెట్టేస్తే సరి. చవకైనదే, కానీ డ్రయ్యర్ నేల మీద, వెంటిలేటర్ తల మీద ఉంటాయి గనుక గొట్టం ఆరడుగులు పైకెక్కి రెండు చోట్ల వంగుతుంది. అమెరికా గృహనిర్మాణ నియమావళి ఒక్కో లంబకోణపు వంపును అయిదు అడుగుల గొట్టంతో సమానంగా లెక్కిస్తుందంటే ఆ వంపులు గాలిని ఎంత అడ్డుకుంటాయో ఊహించవచ్చు. మడతల గొట్టంలో నూగు కూడా త్వరగా నిలుస్తుంది. పైగా కిటికీ ఇనుప గ్రిల్లు సందులో నాలుగు అంగుళాల గొట్టం పట్టడమే గగనం.

ఇక అపార్ట్‌మెంట్లలో వాష్ ఏరియా పక్కన డక్ట్ (పైపులు దిగే ఖాళీ సందు) కనిపించగానే గొట్టాన్ని అందులోకి తోసేయాలనిపిస్తుంది. ఆ ఆవిరి పై ఇంటివారి బాత్రూం కిటికీలో దూరుతుంది కనుక దీన్ని నేను పరిగణనలోకే తీసుకోను. అలాంటి చోట ఆవిరిని తనలోనే నీరుగా మార్చే హీట్ పంప్ డ్రయ్యర్ కొనడమే నయం. దానికి గొట్టం అక్కరలేదు, నీరు డబ్బాలోకో డ్రెయిన్ పైపులోకో చేరుతుంది, కరెంటు దాదాపు సగమే తింటుంది. ధర మాత్రం బాగా ఎక్కువ, బట్టలు ఆరడానికి సమయమూ ఎక్కువే పడుతుంది.

వెంట్ డ్రయ్యర్ ఉన్న గదిలోనే గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం గోడ, కిటికీ రెండూ మానుకోవాలి. డ్రయ్యర్ గదిలోని గాలిని బయటికి తోస్తున్నంతసేపూ గీజర్ పొగ బయటికి పోకుండా గదిలోకే వెనుదిరిగే ప్రమాదం ఉంటుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గీజర్‌ను అక్కడి నుంచి మార్చిన తరువాతే కోర్ కటింగ్ మనిషిని పిలవాలి.