చెవులు పోకుండా ప్రింట్ చేసిచ్చారు

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేస్తాను. బెంగళూరు జయనగర్‌లో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో సగం మంది చిన్నపిల్లలే, హెడ్‌ఫోన్ పెట్టబోతే ఏడుపు. వాళ్ల కోసం గోడకి ఒక బొమ్మ పెడదామని 1939 మేలో వచ్చిన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రిక 'ఫెంటాస్టిక్ అడ్వెంచర్స్' తొలి సంచిక వెనక అట్ట ఎంచుకున్నాను. ఫ్రాంక్ ఆర్. పాల్ గీసిన అంగారక మనిషి అది.

ఆ రోజుల్లో ఇలాంటి పత్రికల అట్టల మీద గ్రహాంతరవాసి అంటే చాలావరకు గుడ్లు మిటకరిస్తూ అమ్మాయి మీదకొచ్చే రాక్షసుడే. పాల్ అలా కాదు, అంగారకుడి మీద బతకాలంటే ఒళ్లు ఎలా ఉండాలో ఆలోచించాడు. గాలి పలుచన కాబట్టి పెద్ద ఛాతీ, చాటలంత చెవులు. చలేస్తే కళ్లూ ముక్కూ లోపలికి ముడుచుకుంటాయి. 2021లో అంగారకుడి మీద నాసా పర్సెవరెన్స్ రోవర్ మైకు పట్టిన చప్పుళ్లు విన్నాను, అక్కడ శబ్దం నిజంగానే చాలా నీరసంగా వినిపిస్తుంది. చెవి గురించి ఎనభై ఏళ్ల ముందే అంత ఆలోచించిన చిత్రకారుడంటే నాకు ప్రాణం.

మొదట ఇంటి దగ్గర ఒక షాపులో ఇచ్చాను. 12x18 అంగుళాల కాగితం నిండాలని రెండు పక్కలా కత్తిరించేశారు. చెవులే పోయాయి! ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత అవెన్యూ రోడ్డు పక్క సందులో శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సుకి వెళ్లాను. ఓనరుది హిందూపురం. ఫైలు చూడగానే "చెవులు తీసేస్తే ఇంక బొమ్మలో ఏముంది మేడం" అని 12x16కి మార్చారు. ముందు ఒక ముక్క ప్రింట్ తీసి భూతద్దం చేతికిచ్చారు. ఎరుపు, పసుపు, నీలం చుక్కలు విడివిడిగా కనిపించాయి. స్కాన్‌లోని పాత అచ్చు చుక్కల మీద కొత్త చుక్కలు పడితే అలల్లాంటి గీతలొస్తాయట, ఛాతీ దగ్గర లేతగా వచ్చాయి కూడా. ఫైలు సైజు కాస్త మార్చి మళ్లీ తీస్తే పోయాయి. పాత కాగితం పసుపుదనం మాత్రం ముట్టుకోలేదు. ఆ ముక్క ప్రింట్లకి డబ్బు తీసుకోలేదు.

మాట్ పేపరు, ఫ్రేముతో కలిపి 1,350 రూపాయలు. ఫ్రేము నాలుగు రోజులు ఆలస్యం, రెండుసార్లు తిరగాల్సొచ్చింది. పార్కింగ్ దొరకదు, మెట్రోలో వెళ్లండి.

ఇప్పుడు పిల్లలు ముందు ఆ చెవులే చూస్తారు, ఆ కాస్త వ్యవధిలో నేను హెడ్‌ఫోన్ పెట్టేస్తాను. నిన్న అదే ప్రెస్సులో రెండో ఫైలు ఇచ్చొచ్చాను, 'గెలాక్సీ' అనే మరో సైన్స్ ఫిక్షన్ పత్రిక క్రిస్మస్ సంచికకి ఎంష్ అనే చిత్రకారుడు వేసిన నాలుగు చేతుల శాంటా. నాలుగు చేతులూ రావాలని చెప్పబోతే ఆయనే అప్పటికి స్కేలు పెట్టి కొలుస్తున్నారు.