ట్రైనింగ్ అయ్యాక అరకు: గదులు, బండి, బొంగు చికెన్

హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లకు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ తప్పదు. నాది విశాఖలో, బీచ్ రోడ్డు వైపు ఒక పెద్ద హోటల్లో పడింది. ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, కిచెన్, సర్వీసు నాలుగూ తిప్పుతారని కాలేజీలో చెప్తారు. అక్కడికెళ్లాక తెలిసేదేమిటంటే, ఎక్కడ మనుషులు తక్కువుంటే ట్రైనీ అక్కడే ఎక్కువ రోజులుంటాడు. నా వంతుకు హౌస్‌కీపింగ్ వచ్చింది. పన్నెండింటికి చెకౌట్లు మొదలైతే రెండు లోపు గదులు తయారవ్వాలి. లిఫ్టు దగ్గర దుప్పట్లు, తువ్వాళ్లు మోసే లినెన్ ట్రాలీతో నిలబడటమే సరిపోయేది. లాగ్ బుక్‌లో ఆఖరి సంతకం పడగానే, మిగిలిన స్టైపెండ్‌తో మా బ్యాచ్ వాళ్లం కొందరం అరకు బయల్దేరాం.

పొద్దున్నే విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. ఘాట్‌లో సొరంగాలే యాభైకి పైగా ఉన్నాయి. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె పెట్టారు. కుర్చీలు తిరుగుతాయి, పైకప్పులోంచి ఆకాశం కనిపిస్తుంది. సీజన్లో ఆ టికెట్లు ముందే అయిపోతాయి. దొరక్కపోయినా బాధపడక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికితే గాలి కూడా తగులుతుంది, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు పెద్దవాళ్లు వేసే కేకలు అదనం.

బొర్రా గుహలు స్టేషన్లో దిగిపోయాం. సున్నపురాతి గుహలు అనుకున్నదానికంటే చాలా పెద్దవి. లోపల రంగు దీపాలు కాస్త ఎక్కువయ్యాయని నాకనిపించింది, రాయి అసలు రంగేమిటో తెలియదు. మెట్లు తడిగా ఉంటాయి, దిగినంత సులువుగా ఎక్కలేం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను సగం దాకా తీసుకెళ్లి ఆపేయడం మేలు.

గుహల బయటే బొంగు చికెన్ అమ్ముతారు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురులో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె పడదు, కోడిలోని కొవ్వూ వెదురులోని తడే దాన్ని ఉడికిస్తాయి. అందుకే ముందే కాల్చి పక్కన పెట్టిన బొంగును మళ్లీ వేడి చేసి ఇస్తే ముక్క పీచులా అయిపోతుంది. మన కళ్లెదుట కొత్త బొంగు పెట్టించుకుని ఆగండి. అరగంట పైనే పడుతుంది, కానీ తేడా మామూలుగా ఉండదు.

ఇక బస. మెయిన్ రోడ్డు మీద ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. ఫొటోలు బాగున్నాయి, రిసెప్షన్లో సోఫా కూడా బాగుంది. పాత రోజుల్లో అయితే నేనూ అంతే చూసేదాన్ని. ఇప్పుడు గదిలో అడుగుపెట్టగానే బాత్రూమ్ జాలీ, తలుపు కింది అంచు, పరుపు మూల చూస్తున్నాను. మూల ఎత్తితే మరకలు. దుప్పటి సంగతి అంతకంటే ముఖ్యం. షీట్లు రోజూ మారుస్తారు గానీ, దళసరి దుప్పట్లు గెస్టు మారిన ప్రతిసారీ ఉతికే లాడ్జీలు తక్కువ. అరకు చలిలో దుప్పటి లేకుండా పడుకోలేం కదా. లోపల వేసుకోవడానికి ఇంకో షీటు ఇమ్మని అడిగితే లేదన్నారు. గోడ మీద ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లని రాసుంది, పొద్దున ఎనిమిదికే గీజరు ఆపేశారు.

మర్నాడు పద్మాపురం గార్డెన్స్ దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న హోమ్‌స్టేకి మారాం. ఆ ఇంటావిడ ఫోన్లోనే చెప్పేసింది: "గీజరు లేదమ్మా, బకెట్‌తో కాచి ఇస్తాం, ఎనిమిది దాటితే పొయ్యి ఆరిపోద్ది. కరెంటు కూడా పోతా ఉంటాది." చెప్పిన టైముకి బకెట్ తలుపు దగ్గరుంది. తెల్ల షీట్లు, ఎండలో ఆరిన వాసన. మంచం మూలలు మా సూపర్‌వైజర్‌కి నచ్చేలా మడవలేదు, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టదు. లేనిది లేదని ముందే చెప్పే చోటికే మా అమ్మానాన్నల్ని పంపిస్తాను. అన్నట్టు, హోటల్లో సర్వర్‌కి టిప్పు ఇచ్చేవాళ్లు గది తుడిచే మనిషిని గుర్తుపెట్టుకోరు. వెళ్లేటప్పుడు దిండు దగ్గర ఓ యాభై ఉంచితే ఏం పోతుంది?

గిరిజన మ్యూజియం చిన్నదే, గంట చాలు. కాఫీ తోటలకు మాత్రం ఒక పూట కేటాయించండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఇక్కడి అరబికా రకం కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న ముద్ర, వచ్చింది. చలికాలం వెళితే ఎర్రగా పండిన కాయలు కోస్తూ కనిపిస్తారు. రోడ్డు పక్క కాఫీల్లో చాలావాటిలో పాలూ పంచదారే ఎక్కువ. పొడి కొనేటప్పుడు చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిసిందో లేదో అడిగి తీసుకోండి.

నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలు వెళ్లొద్దు. గదుల రేట్లు బాగా పెరుగుతాయి, బేరానికి చోటుండదు, బొర్రా దగ్గర బండ్లు కదలవు. వారం మధ్యలో అదే గది చాలా తక్కువకి వస్తుంది. తిరుగు ప్రయాణానికి మేం ఆర్టీసీ బస్సెక్కాం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోండి, ఎక్కే ముందు బొంగు చికెన్ జోలికి పోకండి.