కన్సోల్‌కి హార్డ్ డిస్క్ తగిలించా కదా, బ్యాకప్ అయిపోయినట్టే అనుకున్నా

ముందే చెప్తున్నా, ఇది డబ్బా విప్పిన రోజు రాసిన రివ్యూ కాదు. 2018 చివర్లో పీఎస్4 స్లిమ్‌కి (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్‌లో సన్న మోడల్) తగిలించిన 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఇప్పటికీ బతికే ఉంది, కన్సోల్ మారింది గానీ డిస్క్ మారలేదు, ఇప్పుడు పీఎస్5 వెనక ఉంటోంది. ఈ మధ్యలో ఇంట్లోకి ఇంకో డిస్క్ వచ్చింది, రెండు కేబుళ్లు పోయాయి, రెండేళ్లు కూర్చుని ఆడిన సేవ్‌లు (గేమ్‌లో ఎంతదాకా వచ్చామో గుర్తుంచుకునే ఫైళ్ళు) మొత్తం నా చేత్తో నేనే తుడిచేసుకున్నా. ఆ చివరిది జరక్కపోయుంటే ఇంత రాసేవాణ్ణి కాదు.

అప్పట్లో నా గోల ఒక్కటే, జాగా. లోపల 500 జీబీ, సిస్టమ్ తినేది పోగా మిగిలేది నాలుగొందల చిల్లర, పెద్ద గేములు ఓ ఐదారు వేసేసరికి నిండిపోయేది. కొత్తది వేయాలంటే పాతది తీసేయడం, నెల తిరక్కుండా ఆ పాతదే ఆడాలనిపించడం, మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టుకుని రాత్రంతా ఎదురుచూడటం. 2017 మార్చిలో వచ్చిన 4.50 అప్‌డేట్ నుంచి పీఎస్4కి బయటి డిస్క్ పెట్టుకోవచ్చు, 250 జీబీకి తగ్గకూడదు, 8 టీబీకి మించకూడదు, యూఎస్‌బీ 3.0 అయ్యుండాలి, షరతులు ఇవే. సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో యూఎస్‌బీ స్టోరేజ్ డివైసెస్, అక్కడ ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా, అంటే గేములు వేసుకునే అదనపు జాగాగా, ఫార్మాట్ చేయమని ఉంటుంది, నొక్కితే డిస్క్‌లో ఉన్నదంతా పోతుందని హెచ్చరించి తన పని తాను చేసుకుంటుంది. నిమిషంలో అయిపోయింది. ఇంత ఈజీనా అనుకున్నా, అదే నా కొంప ముంచింది.

వాడకం మాత్రం నిజంగా హాయి. లోపల ఉన్నదీ నిమిషానికి 5400 సార్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) డిస్కే, బయట పెట్టిందీ అలాంటిదే, కాబట్టి గేమ్ లోడ్ అయ్యే టైమ్‌లో చెప్పుకోదగ్గ తేడా నాకేం కనిపించలేదు. స్లిమ్‌కి ఉన్న రెండు యూఎస్‌బీ పోర్టులూ ముందువైపే, అందువల్ల కేబుల్ ఎప్పుడూ టీవీ బల్ల మీద నుంచి కిందకి వేలాడుతూ ఉండేది, మా మేనల్లుడు రెండు సార్లు కాలు తగిలించి పీకేశాడు. అలా పీకితే తర్వాత ఆన్ చేసినప్పుడు డిస్క్‌ని సరిగ్గా తియ్యలేదని తిట్టి, చెక్ చేసుకుని రిపేర్ చేసుకుంటుంది, నా అదృష్టం కొద్దీ రెండు సార్లూ ఏం కాలేదు. ఇంకోటి, రెస్ట్ మోడ్‌లో (కన్సోల్ సగం నిద్రలో) ఉన్నప్పుడు కన్సోల్ పడుకుంది కదా అని కేబుల్ లాగకండి, అది పూర్తిగా ఆఫ్ అయినట్టు కాదు. తియ్యాలంటే ముందు సెట్టింగ్స్‌లో ఆ డిస్క్ వాడకం ఆపమని చెప్పి అప్పుడు తియ్యాలి, లేదంటే మొత్తం ఆఫ్ చేసి తియ్యాలి.

ఇక అసలు కథ. రెండేళ్లకి 2 టీబీ కూడా చాలట్లేదనిపించి లోపలి డిస్కే మార్చేద్దాం అనుకున్నా. పీఎస్4లో ఇది వారంటీకి దెబ్బ తగలకుండా మనమే మార్చుకునే పార్ట్, వెనక మూలన చిన్న మూత తీసి ఒక స్క్రూ విప్పితే ట్రే బయటికొస్తుంది. 1 టీబీ డిస్క్ పెట్టా, పెన్‌డ్రైవ్‌లో పీఎస్4 అని ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అని ఇంకో ఫోల్డర్ చేసి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఫైల్ వేసి, సేఫ్ మోడ్‌లో (రిపేర్ల కోసం ఉండే స్టార్టప్ మెనూ) ఎక్కించా. అక్కడ వేయాల్సింది అప్‌డేట్ కోసం ఇచ్చే చిన్న ఫైల్ కాదు, కొత్త డిస్క్‌కి ఇన్‌స్టాల్ చేసుకునే పెద్ద ఫైల్, ఇదొక్కటి తెలియక గంట పోయింది. అంతా అయ్యాక ఎక్స్‌టర్నల్ తగిలిస్తే గేములన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి, సంతోషం పట్టలేక తీసేసిన పాత 500 జీబీ డిస్క్‌ని ఒక ఎన్‌క్లోజర్‌లో (విడి డిస్క్‌ని యూఎస్‌బీ డిస్క్‌గా మార్చే డబ్బా) పెట్టి కంప్యూటర్‌కి తగిలించి ఫార్మాట్ కొట్టి సినిమాలు వేసుకున్నా. ఆ సాయంత్రం నూటపాతిక గంటలు ఆడిన గేమ్ తెరిస్తే కంటిన్యూ అనే మాటే లేదు. న్యూ గేమ్ ఒక్కటే వెలుగుతోంది.

అప్పుడు తెలిసొచ్చింది, ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌లోకి వెళ్ళేది గేములు, యాప్‌లు, వాటి అప్‌డేట్‌లు, యాడ్-ఆన్‌లు మాత్రమే అని. సేవ్‌లు, స్క్రీన్‌షాట్‌లు, వీడియో క్లిప్‌లు అన్నీ లోపలి డిస్క్‌లోనే ఉంటాయి, మీరు గేమ్‌ని ఎక్కడ ఇన్‌స్టాల్ చేసినా సరే. అంటే ఎప్పుడు కావాలన్నా మళ్ళీ దించుకోగలిగేదాన్ని నేను భద్రంగా బయట దాచుకున్నా, ఎక్కడా దొరకనిదాన్ని మాత్రం ఫార్మాట్ చేసి పారేశా. సోనీకి చందా కట్టి తీసుకునే పీఎస్ ప్లస్ ఉంటే క్లౌడ్‌లో, అంటే వాళ్ళ సర్వర్‌లో, ఉండేవి, అప్పుడు నాకది లేదు. వెక్కిరించినట్టు ట్రోఫీలన్నీ (గేమ్‌లో ఏదైనా సాధిస్తే ఇచ్చే గుర్తులు) మాత్రం సర్వర్‌కి సింక్ అయి ఉన్నాయి, గేమ్ పూర్తి చేసినట్టు సాక్ష్యం ఉంది గానీ గేమ్‌లో నేను లేను. తప్పు డిస్క్‌దీ కాదు కన్సోల్‌దీ కాదు, ఫార్మాట్ నొక్కిన బొటనవేలు నాదే.

ఆ దెబ్బకి బ్యాకప్ కోసమే విడిగా ఇంకో 1 టీబీ డిస్క్ తీసుకున్నా. ఇక్కడ జనం ఎక్కువగా తికమకపడేది ఒకటుంది. ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేసిన డిస్క్ మీద బ్యాకప్ తీసుకోలేం, అది కన్సోల్ సొంత ఫార్మాట్. బ్యాకప్‌కి కావాల్సింది కంప్యూటర్ కూడా చదవగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ గానీ ఫ్యాట్32 గానీ. రెండూ ఒకే డిస్క్‌లో కానిద్దాం అనుకుంటే కుదరదు. నేను ఎక్స్‌ఫ్యాటే చేశా, ఎందుకంటే విండోస్‌లో మామూలు ఫార్మాట్ విండో పెద్ద డిస్క్‌కి ఫ్యాట్32 అనే ఆప్షనే చూపించదు, పైగా అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, నేను అదే డిస్క్‌లో వీడియోలు కూడా పెట్టుకుంటా. ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌తో వచ్చిన డిస్క్‌ని అలాగే తగిలిస్తే పీఎస్4 అసలు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఎక్స్‌ఫ్యాట్ చేసినా మొదట కనపడలేదు, అరగంట తల గోక్కున్నాక చూస్తే డిస్క్ జీపీటీలో ఉంది (డిస్క్‌ని భాగాలుగా రాసుకునే కొత్త పద్ధతి, పాతది ఎంబీఆర్), విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ తీసేసి ఎంబీఆర్‌కి మార్చి మళ్ళీ ఎక్స్‌ఫ్యాట్ చేస్తే అప్పుడు వెంటనే పట్టుకుంది. మీ డిస్క్ కూడా అన్నీ సరిగ్గా ఉండి కనపడకపోతే ముందు ఇదే చూడండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో బ్యాక్ అప్ అండ్ రిస్టోర్. లోపలికెళ్ళాక ఏమేం కావాలో టిక్ పెట్టుకోవచ్చు, మొదటిసారి నేను గేములతో సహా అన్నీ పెట్టా, రాత్రి మొదలెట్టి పడుకుంటే పొద్దున్నకి అయింది. రెండోసారి నుంచి గేముల టిక్ తీసేశా, సేవ్‌లు, క్యాప్చర్‌లు, సెట్టింగ్స్ మాత్రమే అయితే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. గేములు మళ్ళీ దించుకోవచ్చు కదా, వాటికోసం రాత్రంతా డిస్క్‌ని తిప్పడం దేనికి. బ్యాకప్ జరుగుతున్నంతసేపూ కన్సోల్‌ని ఇంక దేనికీ వాడలేం, అందుకే చిన్నదిగా తీసుకునేదైతేనే నెలనెలా తీసుకుంటాం, పెద్దదైతే బద్ధకం వేస్తుంది, నాకైతే వేసింది. ట్రోఫీలు ఈ బ్యాకప్‌లో రావు, అవి ముందే సింక్ చేసుకోవాలి.

రిస్టోర్ గురించి ఒక మాట, ఇది తెలియకుండా నొక్కేవాళ్ళని చూశా. రిస్టోర్ అంటే పోయిన ఒక్క సేవ్‌ని తెచ్చి పెట్టడం కాదు, కన్సోల్‌ని మొత్తం తుడిచేసి బ్యాకప్ తీసిన రోజు ఎలా ఉందో అలా నిలబెడుతుంది, ఆ తర్వాత ఆడిందంతా గోవిందా. ఒక్క సేవ్ కోసమైతే పీఎస్4లో అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి యూఎస్‌బీకి కాపీ చేసుకోవడమే మంచిది. నేను పెద్ద గేమ్ ఏదైనా ఆడుతుంటే వారానికోసారి అలా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా వేసుకునేవాణ్ణి. పిచ్చి అనుకోండి, పాలు కాలినోడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు మరి.

పీఎస్5కి మారినప్పుడు ఈ పాత 2 టీబీ డిస్క్ చూపించిన తీరుకి మాత్రం నిజంగా మెచ్చుకున్నా. పీఎస్4లో ఆఫ్ చేసి పీకి, పీఎస్5 వెనక తగిలించా, మళ్ళీ ఫార్మాట్ అడగలేదు, గేములన్నీ లైబ్రరీలో వచ్చేశాయి, అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు నేరుగా ఆడుకోవచ్చు. ముందువైపు పెద్ద యూఎస్‌బీ పోర్ట్‌కి మాత్రం పెట్టకండి, నా దగ్గర ఉన్న మొదటి మోడల్‌లో అది స్పీడ్ తక్కువ పోర్ట్, వెనకవాటికే పెట్టాలి. హబ్ (ఒక పోర్ట్‌ని నాలుగైదు చేసే డబ్బా) పెట్టి దానికి తగిలిద్దాం అనే ఆలోచన కూడా వద్దు, ఒప్పుకోదు.

పీఎస్5 గేముల విషయం వేరు. 825 జీబీ అని చెప్పినా మనకి మిగిలేది 667 జీబీ చుట్టుపక్కల. పీఎస్5 గేముల్ని యూఎస్‌బీ డిస్క్ మీద నుంచి ఆడలేం, 2021 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి అక్కడ దాచుకోవచ్చు అంతే, ఆడాలంటే లోపలికి తెచ్చుకోవాలి. బయట నుంచి లోపలికి తేవడం పర్లేదు, 80 జీబీ గేమ్ నాకు పావుగంట పైన పడుతుంది. లోపల నుంచి బయటికి పంపడమే నరకం. ఇలాంటి చిన్న సైజు పోర్టబుల్ డిస్కులు చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం, ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాస్తాయి కాబట్టి కాసేపు జోరుగా రాసి, క్యాష్ నిండాక చతికిలబడతాయి, మిగిలిన టైమ్ చూపించే చోట పది నిమిషాలు అని ఉన్నది నలభై అయిపోతుంది. డిస్క్ పాడైందేమో అని కంగారుపడ్డా, కాదు, దాని తీరే అంత. చదవడంలో ఈ ఇబ్బంది లేదు, అందుకే గేములు ఒకసారి వేసి వదిలేసేవాళ్ళకి ఇది తెలియను కూడా తెలియదు.

సేవ్‌ల విషయంలో పీఎస్5 ఇంకాస్త బిగించింది. పీఎస్4 గేముల సేవ్‌లైతే యూఎస్‌బీకి కాపీ అవుతాయి, పీఎస్5 గేముల సేవ్‌లు విడిగా కావు, క్లౌడ్‌కి పంపాలి లేదా కన్సోల్ మొత్తం బ్యాకప్ తీయాలి. ఇది నాకు అస్సలు నచ్చలేదు, నా సేవ్‌ని నా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడానికి చందా కట్టాలా. అయినా ఇప్పుడు ప్లస్ తీసుకున్నా, దాంతో పాటు నెలకోసారి ఆ 1 టీబీ డిస్క్ తగిలించి గేములు లేకుండా బ్యాకప్ కూడా తీస్తా. పని అయ్యాక పీకి అల్మరాలో పెట్టేస్తా, ఎప్పుడూ తగిలించి ఉంచను, కరెంట్ ఎగిరినా పిల్లలు కాలు తగిలించినా దానికేం కాకూడదని.

మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది, వాడికి ఈ సేవ్‌ల తలనొప్పే లేదు, చందా లేకపోయినా క్లౌడ్‌కి వాటంతటవే వెళ్ళిపోతాయి, డిస్క్ కేవలం గేములు దాచుకోవడానికి. నింటెండో స్విచ్ కన్సోల్ ఉన్నవాళ్ళైతే ఇదంతా చదవక్కర్లేదు, దానికి హార్డ్ డిస్క్ పెట్టే పనే లేదు, మైక్రో ఎస్‌డీ కార్డే, సేవ్‌లు మాత్రం దానిలోనూ కన్సోల్ లోపలే ఉంటాయి.

డిస్క్ గట్టిదనం సంగతికొస్తే, ముందుగా పోయింది డిస్క్ కాదు కేబుల్. ఆ వెడల్పు చపటా మైక్రో బీ పిన్ ఉంటుంది చూడండి, ఏడాదిన్నర తిరిగేసరికి వదులైపోయి, గేమ్ మధ్యలో డిస్క్ ఊడిపోయినట్టు ఎర్రర్ రావడం మొదలైంది. డిస్క్ పోయిందని బెంగపడి కూర్చున్నా, కేబుల్ మారిస్తే సెట్ అయింది. మీకూ అలా వస్తే కొత్త డిస్క్ కొనేముందు కేబుల్ మార్చి చూడండి. కన్సోల్ నెత్తిన పెట్టకండి, వేడికి డిస్క్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయేది, పక్కన విడిగా పెట్టాక మామూలైంది.

ఏడాదికోసారి కంప్యూటర్‌కి పెట్టి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూస్తా. గేముల డిస్క్‌ని అలా పెట్టినప్పుడు విండోస్ దాన్ని గుర్తుపట్టలేక ఫార్మాట్ చేయమంటావా, ఇనిషియలైజ్ చేయమంటావా అని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి, పొరపాటున ఓకే అంటే గేములన్నీ పోతాయి. ఫార్మాట్ తెలియకపోయినా డిస్క్ ఆరోగ్యం మాత్రం అందులో చూపిస్తుంది. కిందటి నెల చూస్తే బ్యాకప్ డిస్క్ శుభ్రంగా ఉంది, గేముల డిస్క్‌లో రీఅలోకేటెడ్ సెక్టార్లు (పాడై, వేరే చోటికి మార్చేసిన భాగాలు) ఎనిమిది, పెండింగ్‌లో (అనుమానంగా ఉన్నవి) రెండు కనిపించాయి. ఇన్నేళ్ళూ ఒక్కటి కూడా లేదు. వచ్చే సారి గేముల కోసం యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని, చాలా స్పీడ్‌గా పనిచేసే డిస్క్) తీసుకుంటా, పీఎస్4 గేములు దాని మీద ఎంత తొందరగా తెరుచుకుంటాయో ఫ్రెండ్ ఇంట్లో చూశా. బ్యాకప్‌కి మాత్రం మళ్ళీ మామూలు హార్డ్ డిస్కే, నెలకి పది నిమిషాలు తిరిగేదానికి అంత స్పీడ్ దేనికి.