బండి ఎత్తుకెళ్తే ఎటు పోవాలి: యూనియన్‌కా, పురానీ హవేలీకా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వదిన మిర్చి బజ్జీల బండిని ఓ సాయంత్రం మున్సిపాలిటీ వాళ్లు లారీ ఎక్కించేశారు. మూకుడులో నూనె పక్క కాలవలో పారబోసి మరీ. పొయ్యి, సిలిండర్, శనగపిండి డబ్బా అన్నీ పోయాయి. రసీదు ఇవ్వలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఒకటే వాదన. అన్నయ్యేమో వీధి వ్యాపారుల యూనియన్ అంటాడు, నేనేమో పురానీ హవేలీలో ఉచిత లాయర్ అంటాను. ప్రైవేటు వకీలు ఊసే ఎత్తలేదు, ఆ ఫీజు పెడితే కొత్త బండే వస్తుంది.

తెల్లారేసరికి యూనియన్ లీడర్ వచ్చేశాడు. "అక్కా, నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటా" అని వదినని మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. మూడో రోజు బండి వచ్చింది. సిలిండర్ రాలేదు. యూనియన్‌తో చిక్కు ఇదే: పని నోటిమాట మీద అవుతుంది, చేతికి కాగితం రాదు. వచ్చే నెల మళ్లీ లారీ వస్తే కథ మొదటికే. అయినా వాళ్లను తీసిపారేయలేం. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని చట్టం. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేలేది అక్కడే కాబట్టి ఆ కుర్చీల్లో మనవాళ్లు ఉండాలి.

సిలిండర్ కోసం పురానీ హవేలీలోని లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లాం. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఈ ఉచిత సాయం అందాలంటే ఆదాయంతో పనిలేదు. లాయర్ ఖర్చు, కోర్టు ఫీజు ఆ ఆఫీసువాళ్లే చూసుకుంటారు. అక్కడి లాయరమ్మ మొదట అడిగింది ఒక్కటే: "పట్టుకెళ్లిన సామాన్ల లిస్టు సంతకం పెట్టి ఇచ్చారా?" 2014 వీధి వ్యాపారుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇవ్వాలట. అడిగాక పాడయ్యే సరుకైతే అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఆవిడ రాయించిన దరఖాస్తుతో సిలిండర్ వచ్చింది. కాకపోతే తిరిగిన రెండు రోజులూ బండి మూతే, బేరం గోవిందా.

నన్నడిగితే మొదటి రోజు యూనియన్, రెండో రోజు పురానీ హవేలీ. నోటీసో, కోర్టు తేదీయో చేతికొస్తే మాత్రం నేరుగా లాయర్ దగ్గరికే.

బాలానగర్‌లో అన్నయ్య లేత్ వర్క్స్‌ది వేరే బాధ. ఓ కంపెనీ బిల్లు ఎగ్గొట్టింది. అలాంటి బాకీల ఫిర్యాదులు వినడానికి సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొన్నవాడు బిల్లు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. సరుకు తయారుచేసేవాళ్లకు, సర్వీసు చేసేవాళ్లకే ఇది. కొని అమ్మే షాపులకు వర్తించదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా సర్కారు దగ్గర నమోదు) ఉండాలి, దానికి పైసా ఖర్చు లేదు. బిల్లు పాతదై రిజిస్ట్రేషన్ కొత్తదైతే అవతలివాడు అక్కడే పేచీ పెడతాడు. అన్నయ్య కూడా సరుకు పంపేశాకే ఆ నంబరు తీసుకున్నాడు.