తల తిరుగుడుకు వెళ్తే కళ్లకు కసరత్తు ఇచ్చారు

తలకు దెబ్బ తగిలాక నేను వెళ్లిన ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఐదు నక్షత్రాల్లో నాలుగే ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది వెయిటింగ్ గదిలోని టీవీకి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు వెలుతురూ చప్పుడూ పడవని లోపల గోడ మీద బొమ్మలతో సహా రాసిపెట్టారు. బయట మాత్రం కొండ మీది కల్యాణోత్సవం ప్రసారం గది అదిరేలా పెడతారు. స్వామివారి మీద నాకు భక్తి తక్కువేమీ కాదు, కానీ ఆ నాదస్వరానికి నా కణతలు పగిలిపోయాయి.

తిరుపతిలో బ్లౌజులు కుడతాను, మగ్గం పని చేస్తాను. కరకంబాడి రోడ్డులో ఆవు అడ్డం వచ్చి స్కూటీ జారింది. హెల్మెట్ ఉంది, స్పృహ తప్పలేదు, సీటీ స్కాన్ కూడా శుభ్రంగా వచ్చింది. ఇంకేం, ఏమీ కాలేదన్నారు అందరూ. మర్నాటి నుంచి ట్యూబులైటు చూస్తే కళ్లు మండేవి, మిషన్ చప్పుడుకు తల తిరుగుడు, వికారం. కొలత తీసి పుస్తకంలో రాసేలోపు అంకె మరిచిపోయేదాన్ని. పాత ఖాతాదారుల మీద కూడా ఊరికే కసురుకున్నాను. సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించేవి.

అంతకు ముందు వెళ్లిన ఇంకో చోట మెడకు కరెంటు పట్టీలు అంటించి, వేడి కాపడం పెట్టి పంపేశారు. కళ్ల సంగతి అడిగినవారే లేరు. అందుకే ఇక్కడి పద్ధతి నాకు కొత్తగా అనిపించింది. ఫిజియో చిన్నమ్మాయే, కానీ నన్ను ముట్టుకునే ముందు ప్రశ్నలతో దులిపేసింది. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నాయా, తలనొప్పి పెరుగుతూ పోతోందా, ఫిట్స్ వచ్చాయా, చేయి గానీ కాలు గానీ బలహీనపడిందా, మాట తడబడుతోందా, లేపినా లేవనంత మత్తుగా ఉంటోందా అని. టార్చి వేసి కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసింది. “వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ కూర్చోబెట్టను అక్కా, నేరుగా ఎమర్జెన్సీకి పంపిస్తాను” అంది. వచ్చిన మనిషిని పంపేయడానికి సిద్ధపడే క్లినిక్ మీద నమ్మకం కుదరదా మరి?

స్కాన్ బాగుంటే ఈ అవస్థ ఎందుకని అడిగాను. సీటీలో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి కనిపిస్తాయట. కంకషన్‌లో, అంటే దెబ్బకు మెదడు కుదుపు తిన్నప్పుడు, చెడేది దాని పనితీరు కాబట్టి ఫిల్ములో ఏమీ పడదట. స్పృహ తప్పాలన్న నియమం కూడా లేదట. నాకు వెంటనే అర్థమైంది: మిషన్ టెన్షన్ చెడితే గుడ్డ చిరగదు, కుట్టు మాత్రం పాడవుతుంది.

తరువాత ఒక పుల్ల మీద చిన్న అక్షరం అంటించి నా ముక్కు వైపు తెచ్చింది. “రెండుగా కనిపించగానే చెప్పండి అక్కా.” చెప్పిన చోట ఆపి, స్కేలు పెట్టి కొలిచింది. మామూలుగా అయిదు సెంటీమీటర్ల దాకా ఒకటిగానే కనిపించాలట. నాకు చాలా ముందే విడిపోయింది. సూది ఎందుకు రెండయిందో అప్పటికి తేలింది. అక్షరం మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పమంది, మంచం మీద వేగంగా పడుకోబెట్టి తల తిరిగేలా చెవి లోపలి సన్నటి స్ఫటికాలు కదిలాయేమో చూసింది. అవి కదల్లేదు. పుర్రె అడుగున మెడ కండరం నొక్కితే మాత్రం రోజూ వచ్చే తలనొప్పే అచ్చంగా నుదుటి దాకా పాకింది. అంటే తలనొప్పిలో కొంత వాటా మెడదన్నమాట.

ఇంట్లో చేయడానికి ఇచ్చినవి చూస్తే ఇవేం కసరత్తులనిపిస్తుంది. అక్షరం దగ్గరికి తెచ్చుకోవడం, పడుకుని గడ్డం కొద్దిగా లోపలికి వంచడం, కపిలతీర్థం వైపు నెమ్మదిగా నడక. మా అత్తగారు నెల రోజులు చీకటి గదిలో ఉండమన్నారు. ఈ అమ్మాయి ఒప్పుకోలేదు. విశ్రాంతి, ఫోను తగ్గించడం మొదటి 24 నుంచి 48 గంటలకే, ఆ తర్వాత మెల్లగా కదలాలంది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన కంకషన్ నిపుణుల సదస్సు క్రీడాకారుల తల గాయాల గురించి చెప్పింది కూడా అదేనట. బాధకు పదికి ఎన్ని మార్కులో ముందే వేసుకోవాలి. కసరత్తుతో రెండు మార్కుల వరకు పెరిగి గంటలోపు దిగిపోతే పరవాలేదు, మించితే తగ్గించాలి. ఈ లెక్క నా కొలతల పుస్తకంలోనే రాసుకున్నాను.

క్రికెట్ కిట్టుతో వచ్చిన ఒక కుర్రాడు ఆదివారం మ్యాచ్ ఉందని గొడవపెట్టుకున్నాడు. 2025 జనవరిలో పుణెలో భారత క్రికెటర్ శివమ్ దూబే హెల్మెట్‌కు బంతి తగిలితే కంకషన్ కారణంగా అతని బదులు హర్షిత్ రాణా దిగిన సంగతి చెప్పి నోరు మూయించింది. మళ్లీ ఆడాలంటే అంచెలంచెలుగా, ఒక్కో అంచెకు కనీసం 24 గంటలు, ఆపైన డాక్టర్ అనుమతి. అలిపిరి మెట్ల గురించి నేను అడిగితే, 3,550 మెట్లు ఎక్కడం కంటే కిందికి చూస్తూ దిగడమే నాకు కష్టమంది.

లోపాలు చెప్పాలి కదా. క్లినిక్ మేడ మీద ఉంది, లిఫ్టు లేదు. కౌంటరులో పది సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టబోతారు. గట్టిగా అడిగితే ఏ రోజుకారోజు కట్టించుకుంటారు.

ఇప్పుడు అంచుల పని పగటి వెలుతురులో చేస్తున్నాను. చమ్కీలు పెట్టేటప్పుడు సాయంత్రానికి ఇంకా కళ్లు లాగుతాయి, కాబట్టి కసరత్తు మానలేదు. వెళ్లేవారు స్కాన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. అవి చూడకుండా మొదటి రోజు పరీక్ష మొదలుపెట్టరు.